సునౌలి గేటుకు మూడు చుక్కలు, జైగావ్ గేటుకు నాలుగు

శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఏటా కాశీ, అయోధ్య, ముక్తినాథ్ అంటూ యాత్రా బస్సులు కదులుతాయి. డిక్కీలో బియ్యం బస్తాలు, కందిపప్పు, ఆవకాయ, స్టవ్వు, వెనకసీట్లో వంటమాస్టరు. గుళ్ల గురించి, గదుల గురించి రాసినవాళ్లు బోలెడుమంది. మధ్యలో దాటాల్సిన గేటు గురించి రాసినవాళ్లు తక్కువ. అందుకే అయిదు చుక్కల లెక్కన ఈ రివ్యూ రెండు గేట్ల మీద: నేపాల్‌లోకి పోయే సునౌలి, భూటాన్‌లోకి పోయే జైగావ్. రెండూ మనకంటే బాగా చిన్న దేశాలు మనతో కుదుర్చుకున్న ఏర్పాట్లు. గేటు దగ్గర మనకెంత సులువు, అవతలివాడికెంత సులువు అని చూసుకుంటూ పోతే, "ఈ బుల్లి దేశాలన్నీ మనలో కలిసిపోతే గొడవొదిలిపోద్ది కదా" అనే టీకొట్టు మాటకి జవాబు కూడా ఆ దారిలోనే దొరుకుతుంది.

ముందు సునౌలి. గోరఖ్‌పూర్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. అవతల ఊరు బెలహియా, అది దాటగానే భైరహవా. వీసా లేదు, స్టాంపు లేదు. మన వైపు సరిహద్దు కాపలా కాసే ఎస్‌ఎస్‌బీ జవాన్లు బ్యాగులు చూస్తారు, అవతల నేపాల్ పోలీసులు ఓ చూపు చూస్తారు, అంతే. నడిచి పోయేవాణ్ని చాలాసార్లు ఎవరూ ఆపరు. అలాగని కార్డు లేకుండా పోకండి. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చేతిలో ఉండాలి. మనవాళ్లు అందరూ చేసే పొరపాటు ఒకటే: ఆధార్ పట్టుకుపోవడం. నేపాల్ ప్రయాణానికి ఆధార్ చెల్లేది 65 ఏళ్లు దాటినవాళ్లకీ, 15 ఏళ్లలోపు పిల్లలకీ మాత్రమే. మధ్య వయసువాళ్లకి చెల్లదు. 15 నుంచి 18 మధ్య పిల్లలకి స్కూలు హెడ్మాస్టరు ఇచ్చే నిర్ణీత ఫారం సర్టిఫికెట్ కావాలి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు చూసీచూడనట్టు వదిలేసినా, ఖాట్మండు నుంచి విమానంలో తిరిగి రావాలనుకుంటే కౌంటర్లో నిలబెట్టేస్తారు. విమానానికి పాస్‌పోర్టో ఓటరు కార్డో తప్పనిసరి.

ఓటరు కార్డు అంటే బీరువా అడుగున ఉన్న పాత నలుపు తెలుపు కార్డు కాదు. బొమ్మ చెరిగిపోయి, ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉండి, వయసు పాతికేళ్ల కిందటిది ఉంటే గేటు దగ్గర వాదన తప్పదు. ఫారం 8 పెట్టి కొత్త కార్డు తెప్పించుకోండి. యాత్రకి కనీసం రెండు నెలల ముందే పెట్టండి. బీఎల్‌ఓ ఇంటికొచ్చి చూసి, పై ఆఫీసు ఒప్పుకుని, కార్డు పోస్టులో వచ్చేసరికి అంత పడుతుంది.

బస్సు సంగతి వేరు. దానికి భన్సారు తీయించాలి. భన్సారంటే నేపాలీలో కస్టమ్స్. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పర్మిట్, ప్రయాణికుల జాబితా చూపించి, బస్సు ఎన్ని రోజులు ఉంటుందో చెప్పి, రోజుల లెక్కన డబ్బు కడితే చీటీ ఇస్తారు. ఇక్కడే కక్కుర్తి పడి దెబ్బతింటారు. ఆరు రోజులు పడుతుందనుకుంటే ఆరు రోజులకే కడతారు. బుట్వల్ దాటాక పాల్పా ఎక్కే దారిలో, సిద్ధబాబా దగ్గర, వానాకాలం కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుపోవడం మామూలు. ఒకరోజు ఎక్కువైతే జరిమానా. ఒకరోజు అదనంగా కట్టించుకునే బస్సు యజమాని తెలిసినవాడు అనుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు ఈ దారి వద్దు. పోఖరా దాటి జోమ్సమ్, అక్కడ నుంచి సుమారు 3,700 మీటర్ల ఎత్తున్న ముక్తినాథ్. ఒకే రోజులో ఎక్కిస్తే పెద్దవాళ్లకి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. మధ్యలో ఒక రాత్రి ఆగే ప్యాకేజీయే తీసుకోండి.

డబ్బు దగ్గర రెండు మాటలు నేర్చుకోవాలి: ఐసీ, ఎన్‌సీ. ఇండియన్ కరెన్సీ, నేపాలీ కరెన్సీ. ఒక మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. 1993 నుంచీ ఇదే లెక్క, పైసా కదలలేదు. మన వంద వాళ్ల నూటఅరవై. హోటల్లో "భోజనం మూడొందలు" అంటే "ఐసీనా ఎన్‌సీనా?" అని అడిగాకే కూర్చోండి. అడక్కుండా మన మూడొందలు ఇచ్చేస్తే నాలుగొందల ఎనభై ఇచ్చినట్టు. కొన్ని కొట్లలో నూటయాభై లెక్కే కడతారు. వందకి పది ఎన్‌సీ పోయినట్టే. వంద నోట్లే పట్టుకెళ్లండి. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వంద పైబడిన మన నోట్లని చెల్లవంది. ఆ రూలు ఎప్పుడెలా మారినా వంద నోటు మాత్రం ఎక్కడా ఇబ్బంది పెట్టదు. 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే క్యూఆర్‌కి మన యూపీఐ కూడా పనిచేస్తోంది. ఇది నేపాల్ కంపెనీ ఫోన్‌పే. మన ఫోన్లో ఉండే ఫోన్‌పే కాదు, పేరు పోలికతో తికమకపడొద్దు. మీ యాప్‌లో ఇంటర్నేషనల్ పేమెంట్లు ముందే ఆన్ చేసుకోవాలి, లేకపోతే స్కాన్ చేసి పిన్ కొట్టే దాకా పోయి ఆగిపోతుంది. ముక్తినాథ్ దారిలో నెట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోండి. నేపాల్ టైము మనకంటే సరిగ్గా పావుగంట ముందు. ఒక గేటు దాటితే పావుగంట తేడా ఏమిటని నవ్వుకుంటారు గానీ, రూపాయి మనదాన్నే పట్టుకుని వేలాడే దేశం కనీసం గడియారమైనా తనది అనిపించుకుందామనుకున్నట్టుంది.

ఇంత సులువైన గేటుకి అయిదు చుక్కలు ఇవ్వొచ్చు కదా? మన వైపు నుంచే చూస్తే ఇవ్వొచ్చు.

ఈ గేటు వెనకున్నది 1950 జులై 31 నాటి ఒప్పందం. ఏడో అధికరణం ప్రకారం ఒక దేశం మనిషి రెండో దేశంలో ఉండొచ్చు, ఆస్తి కొనొచ్చు, వ్యాపారం చేయొచ్చు, తిరగొచ్చు. విజయనగరం కోట చుట్టుపక్కల వీధుల్లో అర్ధరాత్రి కర్ర టకటకలాడిస్తూ ఈల వేసే గూర్ఖా, నెల మొదట్లో గుమ్మం ముందు సలాం కొట్టి పదో ఇరవయ్యో అడిగే గూర్ఖా, పర్మిట్టు లేకుండా ఇక్కడ బతకగలిగేది దానివల్లే. రెండు దేశాలూ సమానమేనని కాగితం చెబుతుంది. కానీ మూడు కోట్ల మందిలో నూటనలభై కోట్ల మంది కలిసినా, నూటనలభై కోట్లలో మూడు కోట్లు కలిసినా ఒకటే అవుతుందా? అందుకే నేపాల్ తనవైపు నెమ్మదిగా బిగించుకుంది. మనవాళ్లు అక్కడ భూమి కొనడం కష్టం, పనికి అనుమతి అడుగుతారు. "మనం ఇస్తున్నాం, వాళ్లు ఇవ్వడంలేదు" అని మన పేపర్లు అంటాయి. గట్టు తీసేస్తే పది సెంట్ల రైతుకే ముందు భయం. యాభై ఎకరాలవాడికి గట్టు ఉన్నదో లేదో కూడా గుర్తుండదు.

ఆ ఒప్పందం మీద నేపాల్ తరఫున ప్రధాని మోహన్ షంషేర్ రాణా సంతకం పెడితే, మన తరఫున పెట్టింది రాయబారి. ప్రధాని పక్కన రాయబారి ఏమిటన్న మాట ఖాట్మండులో ఇప్పటికీ వినిపిస్తుంది. చిత్రమేమిటంటే, ఏడాది ముందు నోటీసిచ్చి ఎవరైనా బయటపడొచ్చని పదో అధికరణంలో రాసే ఉంది. నేపాల్ ఒక్కసారీ ఆ నోటీసు ఇవ్వలేదు. తిట్టుకుంటూనే ఉంచుకుంది, దాన్ని తీసేస్తే ఇక్కడ పనిచేసే తనవాళ్లు ఏమవుతారన్న భయం దానిది. 2016లో ఇద్దరూ చెరి నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఏం మార్చాలో చెప్పమన్నారు. 2018కల్లా వాళ్ల రిపోర్టు తయారైంది. తీసుకునే ప్రధాని లేక అది అలాగే పడి ఉంది.

ఇక కొళాయి సంగతి. నేపాల్‌కి వచ్చే పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు మన దగ్గర్నుంచే పోతాయి. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరిపోయి కొత్తవి కుదరకపోతే, మనం చాలా దారులు మూసేసి రెండే తెరిచి ఉంచాం. ఏడాది పైన అలాగే సాగింది. 2015 సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నాక ఇంకోసారి, రక్సౌల్–వీర్‌గంజ్ దారి నాలుగు నెలల పైగా స్తంభించింది. మన సరిహద్దు పక్క నేపాల్ మైదానాల్లో ఉండే మధేశీ ఆందోళనకారులు దారిలో కూర్చున్నారు, మేం ఆపలేదని మన ప్రభుత్వం; ఆపింది మీరేనని ఖాట్మండు. ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి ఇళ్లు కూలిన ఏడాది అది. చలికాలంలో గ్యాసు లేక కట్టెలమీద వండుకున్నారు, మందులకి కటకటలాడారు. తప్పెవరిదైనా, దారి ఒక్కటే ఉన్నవాడికి అది ఉరితాడులాగే కనిపిస్తుంది. చైనాతో రవాణా ఒప్పందానికి నేపాల్ పరిగెత్తింది ఆ వెంటనే, 2016 మార్చిలో. హిమాలయం దాటి సరుకు తేవడం లాభసాటి కాదని వాళ్లకీ తెలుసు. గోడకి ఇంకో కిటికీ ఉందని చూపించుకోవడానికి ఆ కాగితం.

నోట్ల రద్దు ఇంకా చిన్న విషయం, కానీ గట్టిగా గుచ్చుకున్న విషయం. 2016 నవంబరు 8 రాత్రి మన అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లకుండా పోయాయి. నేపాల్ బ్యాంకుల్లోనూ, కూలికి వచ్చి తిరిగి వెళ్లినవాళ్ల ట్రంకుపెట్టెల్లోనూ ఆ నోట్లే. మనకి బ్యాంకు ముందు లైనైనా ఉంది, వాళ్లకి అదీ లేదు. మార్చి ఇస్తామన్న మాట తేలనేలేదు. రూపాయిని రూపాయికి కట్టేసుకుంటే వచ్చే మేలు పెద్దదే: వ్యాపారంలో అరవై శాతం పైన మనతోనే కాబట్టి రేటు భయం ఉండదు, పంపించిన కూలి డబ్బు ఇంటికి చేరేసరికి కరగదు. ఖర్చు కూడా పెద్దదే: వడ్డీ రేటు తన ఇష్టానికి మార్చలేరు, మన రూపాయలు కావాలంటే వాళ్ల రిజర్వు బ్యాంకులాంటి నేపాల్ రాష్ట్ర బ్యాంకు తన డాలర్లమ్మి కొనాలి, రాత్రికి రాత్రి ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం తెల్లారేసరికి వాళ్ల గల్లాపెట్టెలో పడుతుంది.

అందుకే సునౌలికి మూడు. యాత్రికుడి పని మాత్రం హాయిగా అయిపోతుంది. పశుపతినాథుడి గుడిలో మనకి టికెట్ లేదు, అక్కడ పూజ చేసే భట్టులు దక్షిణాదివాళ్లే; ఏ ఒప్పందమూ లేని రోజుల్లో కుదిరిన బంధం అది. ఇంకొకటి గమనించండి: ముక్తినాథ్ దారిలో అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్‌కి విదేశీయుడికి మూడు వేలు ఎన్‌సీ, సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) దేశాలవాడికి వెయ్యి. 2014 నవంబరులో ఖాట్మండులో జరిగిన మహాసభే సార్క్‌కి చివరిది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది రద్దయ్యాక మళ్లీ కూడలేదు. దాని ఆఫీసు ఖాట్మండులో టూరిస్టుల బజారు తమేల్ పక్కనే త్రిదేవి మార్గ్‌లో ఉంది. పష్మీనా శాలువాలు బేరమాడుతూ మనవాళ్లు దాని ముందునుంచే నడిచిపోతారు. టికెట్ కౌంటర్లో మాత్రం సార్క్ ఇంకా బతికే ఉంది, రెండు వేలు మిగులుస్తోంది.

ఇప్పుడు జైగావ్. శ్రీకాకుళం రోడ్డులో ఎక్కి హౌరాలో దిగి, సియాల్దా వెళ్లి కాంచన్‌కన్య ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హాసిమారా. అక్కడ నుంచి ఆటోలో జైగావ్. విజయనగరంలో గువాహటి వైపు రైలెక్కి న్యూ జల్‌పైగురిలో దిగినా ఫర్వాలేదు, అక్కడ నుంచి కారుకి నాలుగైదు గంటలు. జైగావ్‌లో హారన్లు, దుమ్ము, బళ్లు. గోడకవతల ఫుంట్‌షోలింగ్‌లో చప్పుడు లేదు, జీబ్రా గీతల దగ్గర కార్లు ఆగుతాయి. నడిచేవాళ్లకి వేరే టెర్మినల్ ఉంది. ఊళ్లోనే తిరిగి వచ్చేస్తే రుసుము లేదు. థింఫూ, పారో వెళ్లాలంటే పర్మిట్ తీసుకోవాలి, రాత్రికి మనిషికి 1,200 రూపాయలు కట్టాలి. దాన్ని ఎస్‌డీఎఫ్ (సుస్థిరాభివృద్ధి రుసుము) అంటారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి సగం, అంతకంటే చిన్నవాళ్లకి లేదు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, నాలుగు రాత్రులు అనుకోండి: పెద్దవాళ్లకి 9,600, పాపకి 2,400, మొత్తం 12,000. గదీ తిండీ కారూ దీనికి పైన. ఇతర విదేశీయులకి రాత్రికి వంద డాలర్లు.

పర్మిట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి, లేదా ఓటరు కార్డు. ఇక్కడ ఆధార్‌కి అసలు చోటు లేదు. పిల్లలకి పుట్టిన సర్టిఫికెట్, అదీ ఇంగ్లీషులో ఉన్నది. పంచాయతీ నుంచి తెచ్చిన తెలుగు కాగితం గేటు దగ్గర ఎవరూ చదవలేరు. డబ్బు ఇబ్బంది లేదు: వాళ్ల ఎన్‌గుల్ట్రుమ్ మన రూపాయికి సరిసమానం, మన నోట్లు అంతటా తీసుకుంటారు. చిల్లర మాత్రం వాళ్ల నోట్లలో ఇస్తారు. జైగావ్ దాటితే వాటికి విలువ లేదు, లోపలే ఖర్చుపెట్టేయండి. మన యూపీఐ క్యూఆర్‌ని వాడిన తొలి పరాయి దేశం భూటానే, 2021 జులైలో. గడియారం అరగంట ముందుకి.

ఫీజు చూసి మనవాళ్లు మండిపడతారు. "మన డబ్బుతో డ్యాములు కట్టుకుని మన దగ్గరే వసూలా?" అని. నిజమే, చూఖా 336 మెగావాట్ల ప్రాజెక్టుకి మనమిచ్చిన దాంట్లో అరవై శాతం గ్రాంటు, నలభై శాతం అప్పు. తర్వాత 1,020 మెగావాట్ల తాలా, 720 మెగావాట్ల మాంగ్‌దేచ్ఛు. కరెంటు మనకే వస్తుంది. కానీ ఆ ఫీజులోనే ఈ గేటు గొప్పతనం ఉంది. 2017 జనాభా లెక్కల్లో భూటాన్ వాసులు 7.27 లక్షలు. 2011లో పాత శ్రీకాకుళం జిల్లా ఒక్కటే 27 లక్షలు. మన ఒక జిల్లాలో పావు వంతు పైచిలుకు ఉన్న దేశం, మనల్ని రావొద్దనకుండా, ఎంతమంది రావాలో తానే తేల్చుకునే తాళంచెవి అది. 1949 ఒప్పందంలో విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామన్న మాట ఉండేది. 2007 ఫిబ్రవరిలో దాన్ని తీసేసి కొత్తది రాసుకున్నారు. ఎవరూ కొట్టుకోలేదు, గేట్లు మూయలేదు. 2015 జూన్‌లో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ వాహనాలు ఒకరి రోడ్ల మీద ఒకరివి తిరిగేలా థింఫూలోనే సంతకాలైతే, మరుసటి ఏడాది భూటాన్ ఎగువసభ కుదరదంది. సరే, మీరు ముగ్గురూ పొండి, మేం తర్వాత చూస్తామన్నారు. కోవిడ్‌లో 2020 మార్చిలో మూసిన గేటుని 2022 సెప్టెంబరు దాకా తెరవలేదు. ఆ రెండున్నరేళ్లు ఏడ్చింది జైగావ్ వ్యాపారులే.

అయిదో చుక్క ఎందుకు ఆగిందంటే, రూపాయి. 2012లో భూటాన్‌లో మన రూపాయలకి కరువొచ్చింది. ఎన్‌గుల్ట్రుమ్ ఎంతైనా అచ్చేసుకోవచ్చు, రూపాయి అచ్చేసుకోలేరు కదా. ఇళ్లూ కార్లూ అప్పు మీద కొని, సరుకంతా మన దగ్గర తెచ్చుకుంటే ఒకనాటికి పెట్టె ఖాళీ. బ్యాంకులు రూపాయలివ్వడం తగ్గించేశాయి. 2013 జులైలో, సరిగ్గా వాళ్ల ఎన్నికల మధ్యలో, వంటగ్యాసు కిరోసిన్ల మీద మన రాయితీ ఆగిపోయింది. ప్రణాళిక గడువు తీరిందని మన వివరణ. తర్వాత మళ్లీ ఇచ్చారు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆవిడకి ఆ వివరణ వినబడుతుందా?

మూడో గేటు ఒకటుంది, దాన్ని మనవాళ్లు రోజూ చూస్తూనే గుర్తించరు. నేపాల్‌కి సముద్రం లేదు. కోల్‌కతా, హల్దియాతోపాటు 2016 నుంచి విశాఖ రేవు కూడా వాళ్ల వాకిలి. ఓడలో దిగిన కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ తాళం వేసి, రైలెక్కించి, వీర్‌గంజ్ పక్కనున్న డ్రైపోర్టు దాకా తీసుకుపోతారు. మధ్యలో తాళం కదిపితే కస్టమ్స్ వాళ్లకి తెలిసిపోతుంది. సుమారు 1,400 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచైతే అందులో సగం. అయినా రెండో రేవు ఉండటమే లాభం: కోల్‌కతాలో ఓడలు ఆలస్యమైతే బేరమాడటానికి ఇంకో చోటుంది. విజయనగరం జంక్షన్లో ప్యాసింజర్ కోసం కాచుకుని, ఎదురుగా పోయే కంటైనర్ల వరస లెక్కపెట్టేవాళ్లకి అందులో కొన్ని ఖాట్మండు సరుకని తెలియదు. ఈ ఏర్పాటుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. జెండా ఎవరిదన్న ప్రశ్నే రాదు. తాళం, రసీదు, గడువు, అంతే.

మరి పూర్తిగా కలిసిపోతే? ఐరోపాని చూపిస్తారు. చూడండి, కానీ లెక్కతో చూడండి. ఐరోపా యూనియన్ జనాభాలో పెద్దన్న జర్మనీ వాటా ఐదో వంతులోపే. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్ పక్కనుంటాయి కాబట్టి జర్మనీ తాననుకున్నది అనుకున్నట్టు చేయలేదు. పైగా అయిదారు లక్షల మాల్టాకి పార్లమెంటులో 6 సీట్లు, ఎనిమిది కోట్ల జర్మనీకి 96. తల లెక్కనైతే మాల్టాకి ఒక్కటే వస్తుంది. ఇండియా, నేపాల్, భూటాన్ కలిస్తే మన వాటా వందలో తొంభై ఎనిమిది. వెయ్యి సీట్ల సభ పెడితే నేపాల్‌కి ఇరవై, భూటాన్‌కి అర. ఎన్ని రెట్లు పెంచి ఇచ్చినా అది సభ కాదు, విన్నపాల కౌంటరు. సమానం కానివాళ్లు కలవకూడదని కాదు. ఒక్కడే సగానికి మించిపోయిన చోట ఓట్ల లెక్క పనిచేయదు. పైగా సిక్కిం వాళ్ల కళ్లముందే ఉంది: 1950లో మన రక్షణలో ఉన్న రాజ్యం, 1975 మే నాటికి మన రాష్ట్రం. సిక్కిం జనం ఓటేసే కలిశారు, ఈవేళ అక్కడ బాగానే ఉన్నారు. కానీ "దగ్గరి బంధం" అన్న మాట ఖాట్మండులో ఎవరన్నా ముందుగా గుర్తొచ్చేది అదే.

ఒక్కడే పెద్దవాడైన కూటమి దక్షిణాఫ్రికాది. 1910 నుంచి నడుస్తున్న కస్టమ్స్ యూనియన్. సుంకాల రేట్లు చాలాకాలం దక్షిణాఫ్రికాయే పెట్టేది. బదులుగా వసూలైన డబ్బులో పక్కనున్న చిన్న దేశాలు లెసోతో, ఎస్వాతినీలకి తమ వాటా కంటే ఎక్కువ పంచేది. పెత్తనానికి అద్దె కట్టినట్టన్నమాట. బేరం బాగానే ఉంది, 2009 మాంద్యంలో వసూళ్లు పడిపోయేదాకా. అప్పుడు ఎస్వాతినీ ఖజానా జీతాలకి తడబడింది. ఐరోపాలోనే ఇంకొకటి: లగ్జెంబర్గ్ తన ఫ్రాంకుని బెల్జియం ఫ్రాంకుకి కట్టేసుకుంది. 1982 ఫిబ్రవరిలో బెల్జియం, చిన్నవాడితో సరిగా మాట్లాడకుండానే, విలువ 8.5 శాతం తగ్గించేసింది. మరుసటి ఏడాదే లగ్జెంబర్గ్ తన ద్రవ్య సంస్థ తాను పెట్టుకుంది. అంత స్నేహంలో ఉన్నవాళ్ల మధ్యే అలా జరిగితే, మన నోట్ల రద్దు రాత్రి ఎవరో కావాలని చేసిన ద్రోహమని నేపాల్ అనుకోనక్కర్లేదు. పెద్దవాడు తన ఇంటి పని చూసుకుంటాడు, చిన్నవాడి ఇల్లు అదురుతుంది.

కలిస్తే నీళ్ల తగాదాలు తీరుతాయని ఇంకో ఆశ. శ్రీకాకుళంవాళ్లకి ఈ సంగతి చెప్పాలా? వంశధార మీద ఒడిశాతో మనకున్న పేచీ 1960లలోది. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం. అయినా ట్రిబ్యునల్ 2010లో వచ్చి, 115 టీఎంసీలు చెరిసగమని, నేరడి బ్యారేజీ కట్టుకోవచ్చని 2017లో చెప్పింది. బ్యారేజీ ఇంకా కాగితం మీదే. తేడా ఏమిటంటే, మనకి వెళ్లి కూర్చోవడానికి ఒక ట్రిబ్యునల్ ఉంది. కోసీ మీద నేపాల్‌కి అదీ లేదు. 56 గేట్ల కోసీ బ్యారేజీ ఉన్నది నేపాల్ నేల మీద, గేట్లెత్తేది బిహార్ ఇంజనీర్లు. 1954 ఒప్పందం, 1966 సవరణతో 199 ఏళ్ల లీజు. 2008 ఆగస్టు 18న కుసహా దగ్గర గట్టు తెగితే ఇటు బిహార్ మునిగింది, అటు నేపాల్ మునిగింది, మరమ్మతు చేయనివ్వలేదని ఒకరు, చేయలేదని ఒకరు. వంశధార గొట్టా బ్యారేజీ గేట్ల తాళాలు ఒడిశా దగ్గరుంటే హిరమండలం ఊరుకుంటుందా అని ఆలోచిస్తే కోసీ గొడవ సగం అర్థమైపోతుంది.

కాబట్టి కొనదగ్గ సరుకు ఏది అంటే, ముక్కలుగా కొనుక్కునేది. బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కి 69 కిలోమీటర్ల పెట్రోలు పైపులైను, 2019 సెప్టెంబరులో మొదలైంది. ట్యాంకర్ల రవాణా ఖర్చు తగ్గింది. అయితే పైపు కూడా కొళాయే, కట్టేసే చెయ్యి ఒకటే. అవతలి ఒడ్డున నిల్వ ట్యాంకులు కట్టుకుంటేనే దానికి విలువ. 2024 జనవరిలో పదేళ్లలో పదివేల మెగావాట్లు మనకి అమ్ముకునే ఒప్పందం కుదిరింది. అదే ఏడాది నవంబరులో మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కి 40 మెగావాట్లు పంపింది నేపాల్. మూడోవాడికి అమ్ముకోగలగడం, అదే అసలు మెట్టు. అందులోనూ మెలిక ఉంది: చైనా పెట్టుబడి, చైనా కాంట్రాక్టరు ఉన్న ప్రాజెక్టు కరెంటు మనం కొనం. నది వాళ్లది, ఏ కంపెనీతో కట్టించాలో మనం చెబుతాం. ఇలాంటి మెలిక ముందే కాగితం మీద, గడువుతో సహా ఉంటే చిన్నవాడు లెక్కేసుకుని ఒప్పుకుంటాడు. మధ్యలో పుట్టుకొస్తే అది ఇంకో దిగ్బంధం. బెలారస్, రష్యా 1999లో ఏకరాజ్యమని సంతకాలు చేసి, ఒకే కరెన్సీ తెస్తామని రాసుకున్నాయి. ఇప్పటికీ రెండు రూబుళ్లే. పెద్ద బోర్డు కట్టి ఖాళీ కొట్టు నడపడం కంటే మన క్యూఆర్ స్టిక్కరు మేలు.

తిరుగు ప్రయాణానికి ఒక మాట. మిగిలిన ఎన్‌సీ నోట్లని బెలహియా వైపే మార్చేసుకోండి. సునౌలిలో కొన్ని కొట్లవాళ్లు తగ్గించి తీసుకుంటారు, గోరఖ్‌పూర్ స్టేషన్లో టీ కూడా రాదు. వెళ్లేటప్పుడు మన వంద నోటుతో భైరహవాలో అరటిపళ్లు కొన్నట్టు, వచ్చేటప్పుడు వాళ్ల వంద నోటుతో ఇటువైపు కొనలేరు.